వేపగింజయు లద్దెపురుగును

ఉభయ గోదావరి మండలములలో పొగాకు సాగుచేయు రైతునకు ఏడాదిలో మిక్కిలి గుండెదిగులు కలిగించునవి పైరు కోతకు వచ్చిన దినములు కావు. నారుమడి పోసిన తరువాతి దినములే. గోదావరి లంకలలోను, జంగారెడ్డిగూడెము, కొయ్యలగూడెము, గోపాలపురము, దేవరపల్లి ప్రాంతముల మెట్టనేలలలోను శ్రావణ భాద్రపద మాసములందు నారుమళ్లు పోయుదురు. లేత మొక్కలు నాలుగాకులు వేయునప్పటికి గోధుమవన్నె తల్లిపురుగు రాత్రివేళ వచ్చి, ఆకు అడుగుభాగమున గ్రుడ్లను కుప్పగా పెట్టి, తన యొంటి నూగుతో వానిని కప్పిపోవును. కొలది దినములలో వందలకొలది పిల్లపురుగులు వెలువడి, మొదట గుంపుగా నొక్క ఆకునే గోకి జల్లెడవలె చేయును. ఎదిగిన పిదప చెదరి, పగలు మంటిలో దాగి, రాత్రి బయలువెడలి మేయును. సాయంకాలము పచ్చగా నున్న మడిలో ఒక మూల తెల్లవారుసరికి తుడిచిపెట్టినట్లగుట అరుదు కాదు. దీనినే పొగాకు లద్దెపురుగు అందురు. శాస్త్రజ్ఞులు దీనికి స్పొడాప్టెరా లిటురా అని పేరిడిరి. పేరునకు పొగాకు పురుగే గాని ఆముదము, వేరుసెనగ, ప్రత్తి, మిరప, కాబేజీ మొదలగు వానిలో దేనిని విడుచునది కాదు. కావున పొగాకు వాడుకను మెచ్చని వారు (మేమును ఆ కోవలోనివారమే) ఈ పురుగు సంగతి తమకు పనిలేదని తలంపరాదు.

నారు పోగొట్టుకొన్న రైతు మరల విత్తనము చల్లి పెంచునంతలో నాటుకాలము దాటిపోవును. అందుచేత పురుగు కనబడిన తోడనే అంగడికి పరుగెత్తి, చేతికందిన మందునెల్ల చల్లుట అలవాటైనది. అట్టి మందులలో పెక్కు నరములపై పనిచేయునవి. నరము నుండి నరమునకు వార్త నందించు పద్ధతి పురుగులోను మనుష్యునిలోను చాలవరకు నొక్కటియే. కావున పురుగును చంపు మందు, చల్లువాని యూపిరితోను చర్మముద్వారాను లోనికి పోయి వానికిని కీడు చేయును. మా విద్యార్థులలో కొందరు సెలవుదినములందు తండ్రులకు సాయముగా పిచికారీ పట్టి, మరునాడు తలనొప్పియు వాంతులునై బడికి రాలేకపోవుట మే మెరుగుదుము. ఇంత చేసినను పురుగు నశించునా? ప్రతి మందునకును చావక మిగులునవి కొన్ని యుండును. వాని సంతానమే మరుసటి యేట చేను నిండును.

ఇట్టి స్థితిలో మన మండలముననే జరిగిన యొక పరిశోధన మాకు మిక్కిలి ఆసక్తి కలిగించినది. 1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధనాలయము స్థాపింపబడెను. 1970 తరువాతి దశాబ్దమున అచ్చటి కీటకశాస్త్రజ్ఞులు బి. జి. జోషి, జి. రామప్రసాద్ గారలు వేపపప్పును నూరి నీటిలో కలిపి, ఆ ద్రవమును పొగాకు ఆకులపై చల్లి లద్దెపురుగులను పరీక్షించిరి. 1975లో వా రా ఫలితములను ప్రకటించిరి. వేపపప్పు నీరు పడిన యాకును పురుగు నోట పెట్టుటకు వెనుదీసినది. తరువాతి సంవత్సరములలో ఎస్. సీతారామయ్య గారు మొదలగువారితో కూడి, నాటిన పైరునందును దానిని ప్రయోగించి చూచిరి. అంతకు పూర్వమే, 1962లో, ఢిల్లీ వ్యవసాయ పరిశోధనాలయమున ఎస్. ప్రధాన్ గారును వారి సహచరులును వేపపప్పు నీటితో మిడుతల దండును పైరుపై వాలి తినకుండ చేయవచ్చునని చూపియుండిరి.

మన యిండ్లలో పెద్దలు బియ్యపు కుండలలోను, పాతపుస్తకముల నడుమను వేపాకు వేయుట అందరు నెరిగినదే. ఇందులో శాస్త్రజ్ఞులు క్రొత్తగా చెప్పిన దేమున్నదని యడుగవచ్చును. ఆకుకన్న గింజలోని పప్పు మిక్కిలి బలముగలదనియు, లీటరు నీటికి ఎన్ని గ్రాములు చాలుననియు, చల్లిన తరువాత ఎన్ని దినములు పనిచేయుననియు తూచి, కొలిచి, లెక్కించి చెప్పుటయే వారి పని. అవ్వ మాటకును శాస్త్రమునకును గల దూర మింతే. అయినను ఆ దూరము దాటుటకు సంవత్సరములు పట్టును.

వేపపప్పును గూర్చిన పరిశోధనలలో మరియొక వింత బయటపడినది. ఆకలికి తాళలేక కొంచెము తిన్న పురుగులు వెంటనే చావలేదు. నడచుచుండెను, కదలుచుండెను, కాని కుబుసము విడువవలసిన దినము వచ్చినప్పుడు విడువలేకపోయెను. కొన్ని పాతచర్మము సగము ఊడి, సగము అంటుకొని చచ్చెను. కొన్ని లద్దెయును గాక కోశమును గాక, నడిమి రూపముతో వికారముగా నిలిచిపోయెను. ఇది విషమువలన కలుగు చావు కాదు. పురుగు పెరుగుదలలోని గడియారమునకే ఏదియో చెరుపు కలిగినదన్నమాట. ఆ గడియార మెట్టిదో తెలియక, మొక్కలు దానిని ఎట్లు చెరచునో తెలియదు.

మన యెముకలు లోపల నున్నవి గనుక మనము దినదినమును కొంచెము కొంచెముగా పెరుగుదుము. పురుగునకు గట్టితనమంతయు పైచర్మముననే యున్నది. ఆ చర్మము సాగదు. కావున లోపలి శరీరము పెరిగినప్పుడెల్ల పాతచర్మమును చీల్చి విడిచి, క్రొత్తదానిని ధరింపవలెను. లద్దెపురుగు గ్రుడ్డు వెడలినది మొదలు ఇట్లు పలుమారులు కుబుసము విడిచి, తుదకు మంటిలో దూరి కోశమై, అందుండి రెక్కలతో తల్లిపురుగుగా వెలువడును. ఎప్పుడు విడువవలెను? విడిచిన పిదప మరల లద్దెగానే యుండవలెనా, కోశము కావలెనా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పునది దాని రక్తములో తిరుగు రసములు. వీనికే హార్మోనులని పేరు.

పోలెండు దేశపు స్తెఫాన్ కొపెచ్ 1917 మొదలు 1922 వరకు ప్రకటించిన వ్రాతలలో దీనికి మొదటి ఋజువు చూపెను. ఎదిగిన గొంగళిపురుగు నడుమునకు దారముతో బిగువుగా ముడివేసెను. తగినకాలమునకు ముందు ముడివేసినచో, తలవైపు సగము కోశమగును, తోకవైపు సగము గొంగళిగానే మిగులును. తలలో మెదడునుండి వచ్చు ఏదియో ముడి దాటలేకపోయెనని అతడు గ్రహించెను. దారపుముక్కతో ఇంత సత్యమును కనిపెట్టిన యీ పండితుని 1941లో జర్మను సేనలు కాల్చి చంపెను. అటుపిమ్మట ఇంగ్లాండులో విగిల్స్‌వర్త్ 1930 తరువాతి సంవత్సరములలో రక్తము పీల్చు నల్లి జాతి పురుగొకదానిపై శోధనలు చేసి, పురుగును బాల్యములోనే నిలుపు రసము మరియొకటి తలలోని చిన్న గ్రంథినుండి పుట్టుచున్నదని స్థాపించెను.

మన బడి సామ్యముతో చెప్పిన పిల్లలకు సులభముగా తెలియును. మొదటి రసమునకు ఎక్డైసోను అని పేరు. అది సంవత్సరాంతమున కొట్టు గంటవంటిది. గంట మ్రోగగానే పురుగు చర్మము విడువవలసినదే. అయితే గంట కొట్టినంతమాత్రమున పిల్లవాడు పై తరగతికి పోడు గదా! ఉపాధ్యాయుని పట్టికలో వాని పేరు ఎచ్చట నున్నదో చూడవలెను. ఆ పట్టికవంటిది బాల్య హార్మోను. అది రక్తములో నిండుగా నున్నంతకాలము, గంట మ్రోగినప్పుడెల్ల పురుగు లద్దెగానే నిలిచిపోవును. అది తగ్గిపోయిన పిమ్మట గంట మ్రోగెనా, కోశమగును. ఈ రెంటి వంతు తప్పినచో పురుగు బ్రదుకు తప్పినట్లే.

ఈ రసములు పురుగులో నెంత స్వల్పముగా నుండునో తెలిసికొనుటకు ఒక్క లెక్క చాలును. 1954లో జర్మనీలో బుటెనాంట్, కార్ల్‌సన్ అను రసాయనశాస్త్రజ్ఞులు 500 కిలోల పట్టుపురుగు కోశములనుండి శుద్ధముగా సాధించిన ఎక్డైసోను 25 మిల్లీగ్రాములు మాత్రమే.

ఇంత స్వల్పవస్తువు ఇంత పని ఎట్లు చేయును? హార్మోను తాళపుచెవి వంటిది. పురుగు కణములలో దానికి సరిపడు తాళము కలదు. శాస్త్రజ్ఞులు దానిని గ్రాహకమందురు. చెవి తాళములో చొచ్చినప్పుడు, కణములోని జన్యువులలో కొన్ని తెరవబడి, చర్మము విడుచుటకు కావలసిన పనులన్నియు వరుసగా నడచును. ఎక్డైసోను గ్రాహకపు జన్యువు 1991లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పండ్ల యీగలో గుర్తింపబడెను. ఈ తాళము ఒంటరిగా పనిచేయక మరియొక ప్రోటీనుతో జతకట్టవలెనని తరువాత తేలినది. బాల్య హార్మోను తాళము మాత్రము చిరకాలము చిక్కలేదు. కృత్రిమ బాల్య హార్మోనునకు లొంగని యీగలను 1986లో కనుగొనిరి గాని, వానిలో మారిన ప్రోటీనే నిజమైన గ్రాహకమని 2011లో గాని నిశ్చయము కాలేదు.

మనుష్యునిలో ఈ తాళములు లేవు. పశువులోను, కోడిలోను, చేపలోను లేవు. ఈ యొక్క మాటలో రైతున కెంత యాశ యున్నదో చదువరులు గ్రహింతురు గాక. నరములపై పనిచేయు మందునకు బదులుగా, పురుగు తాళమునకు మాత్రమే సరిపడు చెవి దొరకినచో పిచికారీ పట్టు పిల్లవానికి భయము చాలవరకు తగ్గును. అయితే మన డెల్టావారు ఒక సంగతి మరువరాదు. రొయ్యయు పీతయు గూడ ఎక్డైసోను గంట మ్రోగినప్పుడే పెంకు విడుచును. పొలమునుండి మురుగుకాలువకును, మురుగుకాలువనుండి రొయ్యల చెరువునకును నీరు పారు దేశములో, పురుగు కుబుసమును చెరచు మందు చల్లుటకు ముందు దిగువనున్న చెరువును గూర్చియు విచారింపవలెను. తేనెటీగయు పట్టుపురుగును గూడ కీటకములే యనుట చెప్ప నక్కరలేదు.

ఇక మొక్కల కథ. ఇది మొట్టమొదట కాగితములో బయటపడినది. ప్రాగ్ నగరమునుండి కారెల్ స్లామా అను కీటకశాస్త్రజ్ఞుడు తన యెర్రనల్లులను వెంటగొని అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వచ్చెను. స్వదేశములో చక్కగా పెరిగిన యా నల్లులు అచ్చట పెద్దవి కాక, మరల మరల బాల్యరూపమునే పొంది, వికారముగా పెరిగి చచ్చుచుండెను. ఆహారమును మార్చిరి, నీటిని మార్చిరి, ఫలము లేదు. తుదకు సీసాలలో పరచిన కాగితమే కారణమని తేలినది. అమెరికా వార్తాపత్రికల కాగితముపై నల్లులు పెద్దవి కాలేదు. లండన్ టైమ్స్ కాగితముపై సుఖముగా పెరిగెను! అమెరికా కాగితము బాల్సమ్ ఫర్ అను చెట్టు కలపతో చేయుదురు. ఆ చెట్టులో బాల్య హార్మోనును పోలిన పదార్థమొకటి యున్నది. 1966లో ఆ పదార్థమును వేరుపరచి జువబయోను అని పేరిడిరి. అది నల్లులలో ఆ కుటుంబమునకు మాత్రమే తగులును. ఇతర కీటకములకు నిరపాయము.

అదే సంవత్సరమున జపాను, ఆస్ట్రేలియా దేశములలో పోడోకార్పస్ జాతి చెట్లనుండి ఎక్డైసోను వంటి పదార్థములు దొరికెను. పట్టుపురుగులలో అరటన్నుకు 25 మిల్లీగ్రాములైన వస్తువు, కొన్ని మొక్కలలో ఎండుబరువునకు నూటికి ఒక వంతు వరకు నుండుట చూచి పండితులు నివ్వెరపోయిరి. తరువాత వెదకినకొలది దొరకినది. స్పినాచ్ అను సీమ పాలకూరలో నున్నది. మన బాటల ప్రక్కల బట్టల కంటుకొను ఉత్తరేణిలో నున్నదని 1970 ప్రాంతమున బొంబాయి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. సబ్జాగింజల నిచ్చు తులసి జాతిలో బాల్య హార్మోనువలె పనిచేయు తైలములున్నవని 1980లో ప్రకటింపబడెను. అన్నిటికన్న విచిత్రము వరిచేలలో మొలచి మన కూలివారిచేత తిట్లు తిను తుంగలలో నొకటగు సైపరస్ ఐరియా. కీటకముల రక్తములోని బాల్య హార్మోనును పోలినది కాదు, సాక్షాత్తు ఆ హార్మోనే ఆ తుంగలో నున్నదని 1988లో తేలినది. దానిని మేసి పెరిగిన మిడుతలలో ఆడువాని అండాశయములు సరిగా ఎదుగలేదు. కాళ్లు లేని మొక్క పారిపోజాలదు గనుక, తన్ను తిను పురుగు సంతానమును తగ్గించుకొనుటకు ఇట్టి యుపాయము చేసికొన్నదని పండితుల యూహ.

చెవికి సరిపడు దానిని మాత్రమే గాక, తాళము రంధ్రమున అడ్డుపడి నిజమైన చెవిని లోనికి పోనీయని వానిని గూడ మొక్కలు చేయును. ఇంగ్లాండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమున లారీ డైనన్ అను శాస్త్రజ్ఞుడు 1990 తరువాత వేలకొలది మొక్కల గింజలను ఇట్లు జల్లెడ పట్టెను. ఆ పద్ధతి తెలిసికొనదగినది. పండ్ల యీగనుండి తీసిన కణములను చిన్నచిన్న గుంటలలో ద్రవముతో పెంచుదురు. ఎక్డైసోను లేనప్పుడవి పెరిగి ద్రవమంతట సమముగా వ్యాపించి కలకబారజేయును. ఎక్డైసోను తగిలినప్పుడు ముద్దలుగా కట్టి, ద్రవము తేటపడును. ఒక్కొక గుంటలో ఒక్కొక మొక్క రసమును వేసి, వెలుతురు ఎంత దాటుచున్నదో యంత్రముతో కొలుతురు. తేటపడెనా, ఆ మొక్కలో ఎక్డైసోను పోలినది కలదన్నమాట. మరియొక వరుసలో ఎక్డైసోనును, మొక్క రసమును కలిపి వేయుదురు. అప్పుడును ముద్దకట్టనిచో, ఆ రసములో తాళమున కడ్డుపడు వస్తువున్నది. ఇట్లు 1997లో కుకుర్బిటసిను అను పదార్థములు పట్టుబడినవి. ఇవి యేవో దూరదేశపు వస్తువులు కావు. నోట పెట్టిన తోడనే ఉమియవలసివచ్చు చేదు దోసకాయలోను, ఏటిపుచ్చలోను చేదును కలిగించునవి ఇవియే!

దోమలను గూర్చి 2015లో కొరియా దేశపు శాస్త్రజ్ఞులు చేసిన పనియు నిట్టిదే. డెంగ్యూ జ్వరమును మోయు దోమయొక్క బాల్య హార్మోను గ్రాహకమును, దానితో జతకట్టు ప్రోటీనును రొట్టెలకు వాడు యీస్టు కణములలో నిలిపి, ఆ జత కలిసినప్పుడు గుర్తు తెలియునట్లు చేసిరి. మొక్కల రసముల నొక్కొకదాని నందు వేసి ఏది ఆ జతను చెరచునో చూచిరి. లిండెరా అను చెట్టునుండియు, సాలిడాగో అను పూలమొక్కనుండియు అట్టి పదార్థములు దొరికినవి. వానివలన నీటిలోని దోమపిల్లలు చచ్చెను. ఆడుదోమల అండాశయములు ఎదుగుట మందగించెను. యీస్టులో పని చేసినదెల్ల దోమలో పని చేయదు గనుక, జల్లెడలో మిగిలినదానిని మరల జీవముగల పురుగుపై చూచిరి. ఈ రెండవ మెట్టు లేని పరీక్ష సగము పరీక్షయే.

ఇంతకు వేప సంగతి యేమాయెను? వేపగింజలోని ముఖ్యపదార్థమునకు అజాడిరాక్టిను అని పేరు. 1968లో ఇంగ్లాండులో కీల్ విశ్వవిద్యాలయమున బటర్‌వర్త్, మోర్గన్ అనువారు దానిని వేరుపరచిరి. దాని కట్టడము 1985లో గాని పూర్తిగా తేలలేదు. దానిని గాజుపాత్రలో కృత్రిమముగా నిర్మించుటకు కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే గారి బృందమునకు ఇరువదిరెండేండ్లు పట్టి, 2007లో గాని ముగియలేదు. మన పెరటిచెట్టు ఆ పనిని ప్రతి వేసవియందును చేయుచున్నది. కుబుసమును చెరచును గనుక ఇదియు ఎక్డైసోను తాళమున కడ్డుపడునని మొదట పలువురు తలంచిరి. విచారింపగా తేలిన దది కాదు. అజాడిరాక్టిను ముఖ్యముగా మెదడునుండి వెలువడు ఆజ్ఞలను ఆపును. గంట చెడలేదు, తాళమును చెడలేదు; గంట కొట్టుమని చెప్పవలసిన వాడే పలుకడు. ఎక్డైసోను వేళకు పుట్టదు, కుబుసము నిలిచిపోవును. వేప విషయములో జల్లెడపట్టు గుంటలను మాత్రమే నమ్మియున్నచో, పనికిరాని గింజయని పారవేసియుందురు. గ్రాహకమును మాత్రము పరీక్షించు పద్ధతి ఎంత చురుకైనదైనను, రాజమహేంద్రవరమువారు చేసినట్లు పురుగును ఆకుపై వదలి చూచుట మానరాదని మా యభిప్రాయము.

వేపను గూర్చి పెద్ద వ్యాజ్యమును నడచినది. వేపనూనెతో పైరు తెగుళ్లను కట్టు విధానమునకు అమెరికా ప్రభుత్వ వ్యవసాయ శాఖయు, డబ్ల్యు. ఆర్. గ్రేస్ అను కంపెనీయు ఐరోపాలో 1994లో హక్కుపత్రమును పొందెను. ఇది భారతదేశమున పూర్వమునుండి తెలిసినదేయని వాదింపగా 2000లో ఆ పత్రము రద్దయి, 2005లో ఆ తీర్పు స్థిరపడెను.

మొక్కలను జల్లెడ పట్టుటకు ముందు వాని పేర్లు సరిగా తెలియవలెను. తుంగయన్న మాటలో ఎన్నో జాతులు గలవు. ఒకదానిలో హార్మోను నిండియుండును, ప్రక్కదానిలో నుండకపోవచ్చును. ఈ విషయమున మన మండలమునకు గొప్ప చరిత్ర కలదు. విలియం రాక్స్‌బరో అను స్కాట్లాండు వైద్యుడు 1781 మొదలు 1793 వరకు సామర్లకోటలో నుండి, తోట వేయించి, ఈ తీరపు మొక్కలను వెదకి, స్వదేశపు చిత్రకారులచేత బొమ్మలు వ్రాయించి, తెలుగు పేర్లతో సహా వర్ణించెను. ఆ పనియే కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమై 1795 మొదలుగా లండనులో అచ్చయ్యెను. మన విద్యార్థులు సెలవులలో కోరంగి మడయడవులకు పోయినప్పుడు మొక్క కొమ్మను పూవుతో సహా కాగితముల నడుమ నొత్తి, దొరకిన చోటును తేదీని వ్రాసియుంచినచో, అది రాక్స్‌బరో చేసిన పనికి కొనసాగింపే.

పై తరగతుల పిల్లలు బడిలోనే చేయదగిన పరీక్షయొకటి చెప్పెదము. వెడల్పు మూతిగల సీసాలు మూడు కావలెను. ఒకే వయస్సుగల లద్దెపురుగులను సీసాకు పదేసి చొప్పున నుంచవలెను. మొదటి సీసాలో, 5 గ్రాముల వేపపప్పు పొడిని 100 మిల్లీలీటర్ల నీటిలో రాత్రియెల్ల నానబెట్టి వడగట్టి, కొంచెము సబ్బు కలిపిన కషాయములో ముంచి ఆరబెట్టిన ఆముదపు టాకు పెట్టవలెను. రెండవ సీసాలో సబ్బునీటిలో మాత్రమే ముంచిన ఆకు. ఇంతవరకు అందరు చేయుదురు. మూడవ సీసాయే ముఖ్యమైనది. అందులో సబ్బునీటి ఆకునే పెట్టి, మొదటి సీసాలోని పురుగులు ఏ దినము ఎంత తినెనో మరునాడు అంత ముక్క మాత్రమే వేయవలెను. ఏలయన, తిండి చాలని పురుగు వేప లేకున్నను కుబుసము ఆలస్యముగా విడుచును. మొదటి సీసాలోని పురుగులు విడువలేకపోయి, మూడవ సీసాలోనివి ఆలస్యముగానైనను విడిచినచో, అప్పుడు గదా వేప గడియారమును చెరచినదని చెప్పగలము! తిన్న భాగమును గళ్ల కాగితముపై ఆకు గీతను గీచి లెక్కింపవచ్చును. ఒకమారు చేసి ఊరకుండక మూడుమారులు చేయవలెను. పురుగులు మిగిలినచో తోటలో విడిచిపెట్టరాదు.

రైతులైన తల్లిదండ్రులకు ఒక మాట. చెట్టునుండి వచ్చినదెల్ల మంచిదే యనుకొనుట పొరపాటు. ఉమ్మెత్తయు గన్నేరును చెట్లే. పొగాకు కషాయములోని నికోటిను మనుష్యుని చంపగలది. వేప వానివంటిది కాదుగాని, అదియు పిల్లలకు అందనీయదగినది కాదు. మరియొకటి, వేప నీరు చల్లిన మరునాడే పురుగులు రాలిపడవు. రాలలేదని నిరాశపడి అదే దినము విషపు మందును చల్లువారిని మేము చూచియున్నాము. ఆకుపై కొరుకుడు తగ్గినదా యని చూడవలెనుగాని క్రింద చచ్చిన పురుగులను లెక్కింపరాదు. బాగుగా ఎదిగిన పెద్దలద్దెలపై దీని బలము తక్కువ. గ్రుడ్ల కుప్పలు కనబడినప్పుడే ఆ యాకులను ఏరివేసి, పిల్లపురుగు దశలోనే చల్లవలెను. మడి చుట్టును ఆముదపు మొక్కలను వేసినచో తల్లిపురుగు వానిపై గ్రుడ్లు పెట్టుటకు ఇష్టపడును, ఏరుట సులభమగును.

నూటికి అయిదుపాళ్ల కషాయమునకు 5 కిలోల వేపపప్పు పొడిని గుడ్డలో మూటకట్టి, 10 లీటర్ల నీటిలో రాత్రియెల్ల నానవేసి, మూటను పలుమారులు పిండి, ఆ నీటిని 100 లీటర్లు చేసి, 100 గ్రాముల సబ్బు కలిపి వడగట్టవలెను. ఎండకు అజాడిరాక్టిను త్వరగా విరిగిపోవును గనుక సాయంకాలమున చల్లి, కొలది దినములకు మరల చల్లవలెను. అంగడిలో కొను వేపమందు డబ్బాపై అజాడిరాక్టిను ఎంత యున్నదో అంకె వ్రాసియుండును, 300 పి.పి.ఎం. గలదానికిని 10,000 పి.పి.ఎం. గలదానికిని కొలత వేరు, వెల వేరు.

గింజ మంచిది కానిచో కషాయము మంచిది కాదు. మన ప్రాంతమున వేపపండ్లు జ్యేష్ఠాషాఢములలో రాలును. నారుమళ్లు శ్రావణములో పోయుదురు. కావున పండ్లు రాలిన దినముననే ఏరించి, గుజ్జు కడిగి, నీడలో పలుచగా ఆరబెట్టి, గాలియాడు గోనెసంచులలో నుంచవలెను. తడియారక బూజుపట్టిన గింజలోను, ఏండ్లతరబడి మూల పడియున్న గింజలోను బలము పోవును. పొడిని మాత్రము కషాయము పెట్టు దినముననే దంచవలెను.